నలభై ఏడో కేంద్రంలో ఒక్క ఓటు

ప్రజాస్వామ్యానికి పునాది ప్రజలు కారు, పట్టికలు!

ఈ మాటన్నది నేను కాదు, మా గణాంక కార్యాలయం డిప్యూటీ డైరెక్టరుగారు. శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడల్లా ఆయన మమ్మల్ని తన గదిలోకి పిలిపించి, మేం నిలబడి ఉండగా తాను కూర్చుని, ఈ ముక్క సెలవిస్తారు. ప్రజలు ఓట్లేసి ఇళ్లకు పోతారు. గెలిచినవాళ్లు సభకు పోతారు. ఓడినవాళ్లు ఎక్కడికి పోతారో ఎవరూ పట్టించుకోరు. ఆఖరికి మిగిలేది మేం అచ్చువేసే పుస్తకం ఒక్కటే: 'శాసనసభ ఎన్నికల ఫలితాలు - జిల్లాల వారీగా'. మూడువందల నలభై పేజీలు, గట్టి అట్ట, బంగారు రంగు అక్షరాలు. ఏ జిల్లాలో ఎవరికెన్ని సీట్లు, ఎన్ని ఓట్లు, ఎంత తేడా, ఎంతమందికి ధరావతు గల్లంతు, అన్నీ అందులో ఉంటాయి.

ఆ పుస్తకం కూర్చే సీనియర్ అసిస్టెంటును నేనే. ఇప్పటికి నాలుగు ఎన్నికలు కూర్చాను. వాటిని ఎవరైనా చదివారా అని మాత్రం అడక్కండి. పెళ్లయిన కొత్తలో మొదటి పుస్తకం మా ఆవిడకి ప్రేమగా ఇచ్చాను. ఆవిడ రెండు పేజీలు తిప్పి, "ఇందులో కథేదీ?" అంది. అప్పట్నుంచీ ఆ పుస్తకం మా ఇంట్లో కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డుగా పనిచేస్తోంది. ప్రభుత్వ ప్రచురణ అంత గట్టిగా ఉంటుందని అప్పుడే తెలిసింది!

మేమందరం కార్యాలయం వెనకే ఉన్న ప్రభుత్వ క్వార్టర్సులో కాపురముంటాం. మొత్తం రెండువందల పన్నెండు ఓట్లు. మాకోసం క్వార్టర్సు సమావేశ మందిరంలోనే ఒక పోలింగు కేంద్రం పెట్టారు. దాని నంబరు నలభై ఏడు. గేటు దాటకుండా, తల దువ్వుకోకుండా వెళ్లి ఓటేసి రావచ్చు.

ఈసారి మా నియోజకవర్గంలో పోటీ ఇద్దరి మధ్య. ఒకరు పాత మెంబరుగారు. మూడుసార్లు గెలిచిన మనిషి, నాలుగోసారీ ఆయనదే గెలుపని అందరికీ గట్టి నమ్మకం. రెండో ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఒక మాష్టారు. రిటైరయ్యేదాకా మా క్వార్టర్సులోనే, బి బ్లాకు రెండో అంతస్తులో ఉండేవాడు. అక్కడున్న పన్నెండేళ్లలో ఆయన్ని పలకరించినవాళ్లు తక్కువ. పలకరిస్తే పిల్లల మార్కుల సంగతి ఎత్తుతాడని భయం. ఎన్నికల్లో నిలబడ్డాక మావాళ్లు ఆయన్ని 'చాక్‌పీసాయన' అని పిలవడం మొదలుపెట్టారు. ఓట్లడగటానికి వచ్చి తలుపు తడితే మా డిప్యూటీగారు లోపల్నుంచే, "ఇంట్లో ఎవరూ లేరు!" అని గట్టిగా చెప్పారు.

లెక్కింపు రోజున మందిరంలో టీవీ పెట్టారు. పొద్దున్న పది గంటలకి పాత మెంబరుగారు ముందున్నారు, మేం ఈలలు వేశాం. పదకొండున్నరకి ఇద్దరూ సమానమయ్యారు, మేం టీ తాగాం. ఒంటిగంటకి చాక్‌పీసాయన వెయ్యి ఓట్ల ముందుకు పోయాడు. ఎవరో నెమ్మదిగా, "మాష్టారు నిజాయితీపరుడే పాపం" అన్నారు. రెండింటికి ఆయన "మాష్టారుగారు" అయ్యారు. మూడింటికి నాలుగువేల పైచిలుకు మెజారిటీతో గెలిచేసరికి, బి బ్లాకువాళ్లు, "మావారేనండీ! మా పై వాటాలోనే ఉండేవారు!" అని ఎ బ్లాకువాళ్ల మీద కాలర్లు ఎగరేశారు. పాత మెంబరుగారి బొమ్మలున్న కాగితాలన్నీ సాయంత్రానికల్లా ఇళ్లలో అల్మారాల అరల్లో, బొమ్మ కిందికి ఉండేట్టు, పరుచుకున్నాయి.

వారం తిరక్కముందే మాష్టారుగారిని మంత్రిని చేశారు. లెక్కలాయన గదా అని గణాంక శాఖ ఇచ్చారు. అంటే మా శాఖే!

ఇక్కడ నా సొంత గోడు కాస్త చెప్పుకోవాలి. ఎన్నికలకి పది రోజుల ముందే నాకు బదిలీ ఉత్తర్వులొచ్చాయి. ఎక్కడికనుకున్నారు? మా పట్టికలో అట్టడుగున ఉండే జిల్లాకి. ఒక పగలంతా రైలు, ఆపైన పూటంతా బస్సు. పుస్తకం పని పూర్తి చేసి నెలాఖరుకి అక్కడ చేరాలి. మా ఆవిడ ఇక్కడి పెద్దాసుపత్రిలో నర్సు. ఆవిడకి బదిలీ రాదు, వచ్చినా ఆ జిల్లాలో ఆసుపత్రి లేదు. ఈ మాట నాకెలా తెలుసంటే, ఆ పట్టిక కూడా నేనే కూర్చాను.

"అక్కడ మీకు అన్నం ఎవరు వండుతారండీ?" అంది మా ఆవిడ ఉత్తర్వు చదివి.

"హోటళ్లుంటాయిలే."

"హోటల్లో తిని వారం రోజులు నిలదొక్కుకున్నారా ఎప్పుడైనా? మూడో రోజుకి నా ఆసుపత్రిలోనే తేలతారు. అక్కడ అదీ లేదాయె!" అని, నవ్వబోయి, నవ్వలేక, అటు తిరిగి చీర మడతలు సర్దుకుంది.

ఇరవయ్యొక్కేళ్ల కాపురంలో మేం విడివిడిగా ఉన్నవి మొత్తం తొమ్మిది రోజులు. అందులో ఆరు రోజులు మా పోట్లాటల వల్ల. ఆవిడ లేని ఇంటికి సాయంత్రం తాళం తీసుకుని వెళ్లడం తలుచుకుంటే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మగవాణ్ణి, పైగా సీనియర్ అసిస్టెంటును గనక, పొడిదగ్గు దగ్గి ఊరుకున్నాను. పాత మెంబరుగారు గెలిస్తే బదిలీ ఆపిస్తానని మాటిచ్చారు. అందుకే నేను ఆయనకి ఓటేశాను, మా ఆవిడ చేత కూడా వేయించాను. ఇప్పుడు ఆ బదిలీ ఆపగలిగేది చాక్‌పీసాయన ఒక్కరే! క్షమించాలి, మంత్రిగారొక్కరే.

డిప్యూటీగారికీ ఆయనతో పనుంది. మరో నెలన్నరలో రిటైర్‌మెంటు. రెండేళ్లు పొడిగింపు కావాలి. అందుకని ఈసారి పుస్తకం మీద ఆయనకి విపరీతమైన శ్రద్ధ పుట్టుకొచ్చింది.

"ఏమయ్యా, పట్టికలో మొదటి జిల్లా ఏది?" అనడిగారు నన్ను పిలిచి.

చెప్పాను.

"కాదు. ఈసారి మన జిల్లా మొదట రావాలి. మంత్రిగారి జిల్లా!"

"అక్షరక్రమంలో మనది పదిహేడోది సార్."

"అక్షరక్రమం ఎవరు ఖాయం చేశారయ్యా? దానికేమైనా జీవో ఉందా?"

లేదు. వెతికాను. వర్ణమాలకి ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ ఇంతవరకు వెలువడలేదు. మా జిల్లా ఒకటో పేజీకి ఎక్కింది.

అంతటితో ఆయన తృప్తి పడితే కథే లేదు. "మిగతా జిల్లాలకి ఎంత ఇచ్చామో మంత్రిగారి జిల్లాకీ అంతే ఇస్తే మన ప్రత్యేకత ఏముంది? ఆయన నియోజకవర్గానికి అనుబంధం వెయ్యి. పోలింగు కేంద్రాల వారీగా! ఏ కేంద్రంలో ఎవరికెన్ని పడ్డాయో ప్రతి అంకె రావాలి. పుస్తకం ఇంకో పాతిక పేజీలు లావెక్కాలి. మంత్రిగారు చేతిలోకి తీసుకుంటే బరువు తెలియాలయ్యా!" అన్నారు.

వేశాను. ఎన్నికల కార్యాలయం నుంచి కాగితాలు తెప్పించి ఒక్కొక్క కేంద్రమే ఎక్కిస్తూ నలభై ఏడు దగ్గరికి వచ్చాను. పోలైన ఓట్లు నూట ఎనభై ఏడు. పాత మెంబరుగారికి నూట ఎనభై ఆరు. మంత్రిగారికి ఒకటి.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఒకటే.

పరుగున వెళ్లి, "సార్, అచ్చుకి ఇచ్చేముందు అనుబంధం ఒక్కసారి చూస్తారా?" అన్నాను.

"మన పుస్తకాలు చూసేవాడెవడయ్యా? నేనే చూడను!" అని నవ్వి, చూడకుండానే సంతకం చేశారు. నిజమే గదా, నాలుగు ఎన్నికల నుంచి ఎవరూ చూడని పుస్తకం ఇప్పుడు మాత్రం ఎవరు చూస్తారని నేనూ సమాధానపడ్డాను.

మంత్రిగారు మా కార్యాలయానికి వచ్చిన రోజున మందిరం కిటకిటలాడిపోయింది. డిప్యూటీగారు లేచి మైకు పట్టుకున్నారు.

"అయ్యా! తమరు మా ఇంటి మనిషి! మా క్వార్టర్సులో రెండువందల పన్నెండు ఓట్లున్నాయి. పాత మెంబరు ఎన్ని ప్రలోభాలు పెట్టినా వాటిలో ఒక్కటంటే ఒక్కటి పక్కకి పోలేదు! అన్నీ తమకే!"

చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టింది ఇంతకుముందు ఈల వేసినవాళ్లే. ఆ చప్పట్లలోనే డిప్యూటీగారు పుస్తకం తీసి మంత్రిగారి చేతిలో పెట్టారు. ఆ ఒక్క ప్రతికి తోలు అట్ట వేయించారు. లోపల అనుబంధం దగ్గర ఎర్ర రిబ్బను కూడా పెట్టించారు, మంత్రిగారు వెతుక్కోకుండా!

ఫొటోగ్రాఫరు ముందుకొచ్చి, "సార్, ఒక్కసారి పుస్తకం తెరిచి చూస్తున్నట్టు ఉండండి" అన్నాడు.

వేరే మంత్రయితే చూస్తున్నట్టు ఉండేవాడు. ఈయన ముప్ఫైయేళ్లు లెక్కలు దిద్దిన మనిషి. అంకెలు కనిపిస్తే చూస్తున్నట్టు ఉండటం ఆయనకి చేతకాదు, చూస్తారు. రిబ్బను దగ్గర తెరిచి, చూపుడువేలు గళ్ల మీద పెట్టి, కిందికి జరుపుకుంటూ వచ్చారు. వేలు ఆగింది.

"నలభై ఏడో కేంద్రమంటే ఈ క్వార్టర్సేనా?"

"చిత్తం! ఇదే మందిరం!" అన్నారు డిప్యూటీగారు మురిసిపోతూ.

"పోలైనవి నూట ఎనభై ఏడు. పాత మెంబరుగారికి నూట ఎనభై ఆరు." మంత్రిగారు తలెత్తి మందిరమంతా ఒకసారి కలియజూశారు. "మిగిలిందెంత? ఎవరు చెబుతారు?"

వెనక బెంచీల్లో తలకాయలు కిందికి వంగాయి. ఆ గొంతులో ఏముందో ఏమో, నాకు తెలియకుండానే లేచి నిలబడి, "ఒకటి సార్!" అనేశాను.

"కరెక్ట్. కూర్చో."

కూర్చున్నాను. డిప్యూటీగారి ముఖం అట్ట మీది బంగారు రంగు నుంచి లోపలి కాగితం రంగుకి తిరిగింది. అంతలోనే ఆయన తేరుకున్నారు. ముప్ఫై మూడేళ్ల సర్వీసు ఊరికే పోతుందా!

"అయ్యా! ఆ ఒక్కటీ నాదే!"

"అబద్ధం! నాది సార్!" అని లైబ్రేరియన్ లేచాడు. "నాది!" అంది టైపిస్టు. "మా ఇద్దరిదీ!" అని డ్రైవరు భార్యాసమేతంగా లేచాడు. అర నిమిషంలో మందిరంలో కూర్చున్నవాడు లేడు. నేను తప్ప. అప్పుడే జవాబు చెప్పి కూర్చున్నాను గదా, మళ్లీ లేవాలని నాకు తోచేలోపలే అంతా అయిపోయింది.

మంత్రిగారు నవ్వలేదు, కోప్పడలేదు. "సరే, ఆ ఒక్క మనిషి ఎవరో విచారించి రాతపూర్వకంగా నా చేతికివ్వండి. ఎవరైతే వాళ్లు అడిగిన పని ఒకటి చేసిపెడతాను" అని, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ప్రైవేటు మనుషులైతే ఇక్కడ తన్నుకుని ఊరుకునేవాళ్లు. మాది కార్యాలయం. మర్నాటికల్లా ఒక నమూనా దరఖాస్తు తయారైంది. 'నలభై ఏడవ కేంద్రమందలి ఏకైక ఓటు - హక్కు నిరూపణ పత్రం'. మూడు ప్రతులు, ఇద్దరు సాక్షుల సంతకాలు. విచారణాధికారి ఎవరన్న ప్రశ్న వచ్చింది. ఆ ఓటు తనది కాదన్నవాడే విచారించాలి. అలాంటివాడు కార్యాలయం మొత్తానికి నేనొక్కణ్ణే తేలాను. నేను లోలోపల ఎంత ఉడుక్కున్నానో చెప్పలేను. బదిలీ ఆగాల్సినవాణ్ణి నేను, నోరుమూసుకుని కూర్చున్నదీ నేనే!

ఓటు రహస్యంగా ఉంచాలని చట్టం. మావాళ్లు ఎంత రహస్యంగా ఉంచారంటే, ఎవరికి వేశారో వాళ్లకే గుర్తు లేకుండా పోయింది. వారం రోజుల్లో దరఖాస్తులు రెండువందల మూడు వచ్చాయి. పోలైన ఓట్లు నూట ఎనభై ఏడని మీకు గుర్తుండే ఉంటుంది. పోలింగు రోజున శిక్షణ కోసం వేరే ఊరెళ్లిన గుమాస్తా ఒకడు, "నేను స్వయంగా రాలేకపోయినా నా ఆశయం వచ్చి వేసింది" అని రాశాడు. డ్రైవరు ఆ ఓటు తనదేనని దరఖాస్తు పెట్టాడు, భార్య సాక్షి సంతకం చేసింది. భార్య ఆ ఓటు తనదేనని వేరే దరఖాస్తు పెట్టింది, డ్రైవరు సాక్షి సంతకం చేశాడు. లైబ్రేరియన్ పోయినేడాది కాలం చేసిన తన తండ్రిగారి తరఫున కూడా ఒకటి జత చేశాడు. డిప్యూటీగారు నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, "కూర్చోవయ్యా" అన్నారు. ఇన్నేళ్లలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

"నా దరఖాస్తు అందరితో కలిపి చూడకు. వయసులో పెద్దవాణ్ణి."

"వయసులో పెద్దవాళ్ల దరఖాస్తు విడిగా చూడాలని నిబంధనేం లేదు సార్."

"నేనెవరికి వేశానో నీకు తెలీదా?"

"తెలుసు సార్. ఆ రోజు నా ముందే వరుసలో నిలబడి, ఇక్కడ చాక్‌పీసు ముక్క కూడా మిగలదు అన్నారు."

"అది ప్రత్యర్థుల్ని మభ్యపెట్టడానికయ్యా!" అన్నారాయన, ఏమాత్రం తడుముకోకుండా.

ఇంటికెళ్లి మా ఆవిడకి చెబితే పడీపడీ నవ్వింది. ఆ తర్వాత ఉన్నట్టుండి, "ఇంతకీ ఆ రిపోర్టు మంత్రిగారికి ఎవరిస్తారు?" అంది.

"నేనే. చేతికివ్వాలన్నారు."

"అంటే ఆయనా మీరూ ఇద్దరే ఉంటారు."

"ఊఁ."

"అయితే ఆ ఓటు మీదేనని చెప్పెయ్యండి."

"నువ్వు కూడానా! నేనెవరికి వేశానో నీకు తెలుసు గదే!"

"నాకు తెలిస్తే ఏం? ఆయనకి తెలీదుగా," అంది. వెంటనే కళ్లు దించుకుని, "రెండువందల మూడు మంది చెప్పారు. మీరొక్కరు చెబితే కొత్తగా పోయేదేముంది? మీరు వెళ్లిపోతే నాకు పొద్దు గడవదు, తెలుసా?" అంది. ఆ మాటతో నా విచారణాధికారం అంతా నీరుగారిపోయింది.

మర్నాడు పొద్దున్నే దస్త్రం పట్టుకుని మంత్రిగారింటికి వెళ్లాను. ఇంకా ప్రభుత్వ బంగళాకి మారలేదు. చిన్న ఇల్లు, ముందు గదిలో రెండు కుర్చీలు, గోడకి నల్లబల్ల. తోలు అట్ట పుస్తకం బల్ల మీదే ఉంది. ఆయన నా రిపోర్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారు. ప్రపంచంలో మా కార్యాలయం రిపోర్టు చదివిన మొదటి మనిషి ఆయనే. 'నా ఆశయం వచ్చి వేసింది' దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

ఇదే అదననుకున్నాను. కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, "అయ్యా, విచారణాధికారిగా చెప్పకూడదు గానీ, నిజానికి ఆ ఓటు..." అని మొదలుపెట్టాను.

"ఆగండి," అన్నారాయన చెయ్యెత్తి. "ఆ ఓటు నాది."

నేను ముందుకు జరుపుకున్న కుర్చీని మెల్లగా వెనక్కి జరుపుకున్నాను.

"రిటైరయ్యాక ఈ ఇంటికొచ్చాను గానీ, ఓటర్ల జాబితాలో పేరు మార్పించుకోలేదు. నా ఓటు అక్కడే ఉంది. ఆ రోజు ఏడింటికి తలుపులు తీయగానే వెళ్లి వేసి వచ్చేశాను. సెలవు గదా, మీ క్వార్టర్సులో ఒక్కరూ నిద్ర లేవలేదు. ఆ 'ఒకటి' ఎవరిదో నాకు మొదటే తెలుసు. మీవాళ్లేం చేస్తారో చూద్దామని అడిగాను. రెండువందల మూడు! ఇప్పుడు మీతో కలిపి రెండువందల నాలుగయ్యేది!"

నా ముఖం మాడిపోయింది. ఆయన హుషారుగా లేచి నల్లబల్ల దగ్గర అటూ ఇటూ తిరుగుతూ, పాఠం చెబుతున్నట్టు చెయ్యి ఊపారు.

"చూశారా, మనిషికి నిజం చెప్పడం ఎంత కష్టమో! మొత్తం కేంద్రంలో మనసులో ఉన్నది చేసి, చేసింది చెప్పగలిగినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకడు నేను, రెండు మా ఆ..."

అక్కడ ఆగిపోయారు.

మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పుస్తకం దగ్గరికి లాక్కుని, రిబ్బను దగ్గర తెరిచి, వేలు పెట్టి కిందికి జరిపారు. వేలు ఆగిన చోట వంగి చూశారు. కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి చూశారు.

"ఏమండీ," అన్నారు నాతో, గొంతు బాగా తగ్గించి. "ఇది ఒకటేనా? ఏడు కాదుగా?"

"ఒకటేనండి."

"మా ఆవిడ పేరూ అక్కడే ఉంది. నాతోపాటే వచ్చింది. నా తర్వాత తనే లోపలికెళ్లింది."

లెక్కల మాష్టారికి ఒకటీ ఒకటీ కలిపి చెప్పాల్సిన పని నాకు పడలేదు. ఇందాకటిదాకా నవ్వుతున్న మనిషి, ముప్ఫై నాలుగేళ్ల కాపురం చేసిన మనిషి, ఆ అంకెకేసి అలా చూస్తూ ఉండిపోయాడు. నాకు నా బదిలీ గుర్తు రాలేదంటే నమ్మండి. ఆ నిమిషంలో ఆయన మీద జాలి వేసింది.

అప్పుడే అమ్మగారు రెండు కప్పుల కాఫీతో వచ్చారు. "ఏమిటి, ఇందాక అంతంత నవ్వులు వినబడ్డాయి?" అంటూ కప్పులు బల్ల మీద పెట్టి, పుస్తకంలోకి తొంగిచూశారు. "ఓహో, మన పాత క్వార్టర్సు లెక్కా! పాపం, అక్కడ ఎవరూ వెయ్యలేదట గదండీ. నేనే నయం. గుర్తు రెండుసార్లు చూసుకుని మరీ వేశాను మీ సార్‌కి!"

మంత్రిగారు తలెత్తి నాకేసి చూశారు. అది మంత్రి చూపు కాదు. పరీక్ష హాల్లో పక్కవాడి కాగితంకేసి చూసే కుర్రాడి చూపు.

ఈ చేతులతో నేను నాలుగు ఎన్నికలు, లక్షల అంకెలు ఎక్కించాను. ఒక్కటి దిద్దలేదు. కానీ ఆ కాఫీ కప్పుల మీద పొగ ఇంకా ఆగకముందే నా నోటి నుంచి మాట వచ్చేసింది.

"అదే చెబుదామని వచ్చాను సార్. అది అచ్చుతప్పు. మీ ఓట్లు రెండు. ఒకటని పడింది."

"రెండా!" అన్నారాయన. ఆ రెండు అక్షరాల్లో నాలుగువేల మెజారిటీ వచ్చినప్పటి కంటే ఎక్కువ సంతోషం వినిపించింది. "నేననుకుంటూనే ఉన్నాను! మీలాంటి జాగ్రత్త గల మనిషి... మీకేదో బదిలీ అయిందని విన్నాను. నిజమేనా? రద్దు చేయిస్తాను. ఇలాంటి పనివాణ్ణి ఆ మూలకి పంపడమేమిటి!"

అమ్మగారు నా కప్పులో ఇంకో చెంచా చక్కెర వేసి కలిపారు.

నన్ను గేటు దాకా సాగనంపటానికి ఆవిడే వచ్చారు. గడియ తీస్తూ, "ఆయన గెలిస్తే ఇంక ఇంట్లో కనపడరనుకున్నాను బాబూ. రిటైరయ్యాకైనా కాస్త నాతో కూర్చుంటారనుకుంటే, ఊరు మీద పడ్డారు. అంతే, ఇంకేం లేదు," అన్నారు. "ఆయనకి చెప్పకు."

"నేను విచారణాధికారినండి. ఏమీ చెప్పను," అన్నాను.

ఆ దిద్దుబాటులో ఒక చిక్కుంది. మంత్రిగారికి ఒకటి పెరిగితే మొత్తం నూట ఎనభై ఎనిమిదవుతుంది. అందుకని పాత మెంబరుగారి దగ్గర ఒకటి తీసెయ్యాల్సి వచ్చింది. నాలుగువేల తేడాతో ఓడినాయన, ఇంకో రెండు ఎక్కువ తేడాతో ఓడితే వచ్చిన నష్టమేముంది? రెండు రోజుల్లో తప్పొప్పుల పట్టిక అచ్చయి, ప్రతి పుస్తకంలోనూ అంటించబడింది: 'అనుబంధంలో నలభై ఏడవ కేంద్రమునకు ఎదురుగా 1 అని ఉన్నచోట 2 అనియు, 186 అని ఉన్నచోట 185 అనియు చదువుకొనగలరు.' నా బదిలీ రద్దు ఉత్తర్వు కూడా అదే రోజున వచ్చింది. మా ఆవిడ దాన్ని మూడుసార్లు చదివింది. ఇన్నేళ్లలో మా కార్యాలయం కాగితం ఏదైనా ఆవిడ అంత ఇష్టంగా చదవడం నేను చూడలేదు.

తప్పొప్పుల పట్టిక చూసిన డిప్యూటీగారు పరుగుపరుగున నా బల్ల దగ్గరికే వచ్చారు.

"చూశావటయ్యా! ఇంకో ఓటుందని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను గదా! ఒకటి ఎవరిదో తేలిందన్నావు, పేరు చెప్పొద్దన్నారన్నావు, సరే. ఈ రెండోది మాత్రం నాదే!"

ఆయన వెనకే లైబ్రేరియన్ నిలబడి ఉన్నాడు. అతని వెనక టైపిస్టు. ఆ వెనక డ్రైవరూ, భార్యా. వరుస మెట్ల దాకా పోయింది. మధ్యాహ్నం భోజనాల వేళకి రెండో ఓటు కోసం నూట తొంభై దరఖాస్తులు అందాయి. అందరూ పాత సాక్షులే. అడిగిన పని చేసిపెడతానన్న మంత్రిగారి మాట ఇంకా అలాగే ఉందాయె!

వాటినన్నిటినీ వరుసలో సర్ది, దారం కట్టబోతూ ఆగాను. బదిలీ అయితే ఆగింది. కానీ సూపరింటెండెంటు పదవి నాకు రావాల్సి ఆరేళ్లయింది. ఆ రెండో ఓటు ఈ భూమ్మీద ఎవరూ వేసింది కాదు. దాన్ని పుట్టించినవాణ్ణి నేను. మరి దాని మీద నాకున్న హక్కు ఇంకెవరికుంటుంది? సొరుగులోంచి నమూనా పత్రం తీసి, శుభ్రంగా నింపి, సంతకం చేసి, నా దరఖాస్తు అన్నిటికంటే పైన పెట్టాను.